మీటింగ్‌లో మొదటి ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడకండి

ప్రశ్న: నేను ఎనిమిది మంది ఉన్న ఒక టీమ్‌కి లీడర్‌ని. కస్టమర్ల ఫిర్యాదులకు జవాబివ్వడంలో మాకు బాగా ఆలస్యమవుతోంది. దీని మీద రెండు నెలల్లో మూడుసార్లు అందరం కూర్చుని బ్రెయిన్‌స్టార్మింగ్ చేశాం. ప్రతిసారీ ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్లు తలాడిస్తారు. ‘ఏ ఐడియా అయినా చెప్పండి, తప్పేం లేదు’ అని ఎంత బతిమాలినా లాభం లేదు. చివరికి ఫిర్యాదులన్నీ వరసగా, అందరికీ సమానంగా పంచుకోవాలని చేతులెత్తి నిర్ణయం తీసుకున్నాం. రెండు వారాలకే అది మూలపడింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ విడిగా నా దగ్గరికి వచ్చి ‘ఇది కుదరదని నాకు అప్పుడే అనిపించింది’ అన్నారు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు? ఆరు టోపీలు, మైండ్ మ్యాప్‌లు అంటూ ఏవేవో పద్ధతులున్నాయని విన్నాను. అవి నిజంగా పనిచేస్తాయా? లేక లోపం నాలోనే ఉందా? వచ్చే వారం మళ్లీ మీటింగ్ పెట్టాలి. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ ‘నాకు అప్పుడే అనిపించింది’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మిమ్మల్ని బాధపెట్టిన ఆ మాటే నాకు మంచి కబురులా వినిపించింది. మీ టీమ్‌లో ఆలోచనకు కరువు లేదన్నమాట. పొరపాటు ఎక్కడుందో పట్టుకోగల మనుషులు ఆ గదిలోనే కూర్చున్నారు. మాట గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. అది ఎందుకు ఆగిందో తెలిస్తే వచ్చే వారం ఏం చెయ్యాలో సగం తెలిసినట్టే.

లోపం మీలో లేదు. మీరు ఓపికగా మూడుసార్లు కూర్చోబెట్టారు, అడిగారు, చేతులు లెక్కపెట్టారు. లోపం ఆ పద్ధతిలో ఉంది. అందరికీ అలవాటైన పద్ధతి కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు, మనుషుల్నే అనుమానిస్తారు.

బ్రెయిన్‌స్టార్మింగ్‌ను ప్రచారంలోకి తెచ్చింది అలెక్స్ ఆస్‌బార్న్ అనే అమెరికన్, ప్రకటనల రంగంలో పనిచేసిన మనిషి. 1953లో ఆయన రాసిన పుస్తకంతో ఇది అన్ని చోట్లకూ పాకింది. ఆయన పెట్టినవి నాలుగే నియమాలు. ఎవరి ఐడియానూ అప్పటికప్పుడు విమర్శించకూడదు. ఎంత విడ్డూరంగా ఉన్నా చెప్పెయ్యాలి. వీలైనన్ని ఎక్కువ రావాలి. ఒకరు చెప్పినదానికి మరొకరు మెరుగులు దిద్దాలి. ఈ నాలుగూ మంచి నియమాలే, నేను ఇవాళ్టికీ వాడతాను. అయితే నలుగురు కలిసి కూర్చుంటే ఒక్కొక్కరికీ మామూలుకంటే ఎక్కువ ఐడియాలు వస్తాయని కూడా ఆయన నమ్మారు. చిక్కంతా అక్కడే వచ్చింది. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఈ నమ్మకాన్ని పరీక్షించి చూశారు. కొందరిని నలుగురేసి చొప్పున కలిపి కూర్చోబెట్టారు. ఇంకొందరిని ఎవరికి వారుగా ఆలోచించమన్నారు. విడిగా ఆలోచించినవాళ్లలోంచి నలుగురి జాబితాలు తీసుకుని, రెండుసార్లు వచ్చినవి కొట్టేసి, మిగిలినవి లెక్కపెట్టారు. కలిసి కూర్చున్న నలుగురికంటే విడిగా ఆలోచించిన నలుగురికి దాదాపు రెట్టింపు ఐడియాలు వచ్చాయి. తర్వాత వచ్చిన పరిశోధనలు కూడా చాలావరకు ఇదే చెప్పాయి.

దీనికి కారణం ఏమిటా అని 1987లో మైకేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు వరసగా ప్రయోగాలు చేశారు. వాళ్లు మూడు కారణాలను అనుమానించారు. ఒకటి, నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం. రెండు, గుంపులో గోవిందా అన్నట్టు మన వంతు పని ఇంకెవరో చేస్తారులే అన్న ధీమా. మూడోది మనం ఎవరమూ అనుకోనిది: వంతు కోసం ఎదురుచూడటం. మనుషుల్ని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒకరు మాట్లాడుతున్నంతసేపూ మిగతావాళ్లు ఆగాల్సి వచ్చేలా దీపాలు అమర్చారు. పక్కన మనిషి లేకపోయినా, ఆగడం ఒక్కటే ఐడియాల సంఖ్యను బాగా పడగొట్టింది. మిగతా రెండింటికంటే ఇదే పెద్ద కారణమని తేలింది.

మీ మీటింగ్ గదినే ఒకసారి ఊహించుకోండి. మీరు ప్రశ్న అడిగిన అర నిమిషానికి, మూలన కూర్చున్న అమ్మాయికి ఏదో తట్టింది. అప్పటికే మీ ఇద్దరు మాటకారుల్లో ఒకరు మొదలుపెట్టేశారు. ఆయన నాలుగు నిమిషాలు మాట్లాడారు. ఆ నాలుగు నిమిషాలూ ఆమె తన ఐడియాను మర్చిపోకుండా మనసులో పట్టుకుని కూర్చోవాలి. అలా పట్టుకున్నంతసేపూ కొత్తది తట్టదు. పైగా వింటున్నకొద్దీ తనది చిన్నదిగా అనిపించడం మొదలవుతుంది. ఆయన ముగించేసరికి చర్చ ఇంకో దారి పట్టింది. ఇప్పుడు చెబితే సందర్భం లేనట్టుంటుంది. ఆమె తలాడించింది. మీరు దాన్ని ఒప్పుకోలు అనుకున్నారు. మౌనం అర్ధాంగీకారం అన్న మాట మీటింగులకు ఏమాత్రం పనికిరాదు. అక్కడ మౌనానికి చాలాసార్లు అర్థం ‘నాకు వంతు రాలేదు’ అని.

ఇక చేతులెత్తడం సంగతి. 1951 నుంచి సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలు ఒకసారి చదివితే నేను మళ్లీ జన్మలో ముఖ్యమైన విషయానికి చేతులెత్తమని అడగను అనిపించింది. ఒక గీత చూపించి, పక్కన ఉన్న మూడు గీతల్లో దానికి సమానమైనది ఏదో చెప్పమంటారు. కంటికి తెలిసిపోయే ప్రశ్న, ఒంటరిగా అడిగితే దాదాపు ఎవరూ తప్పు చెప్పరు. కానీ గదిలో మిగతావాళ్లంతా ముందే కూడబలుక్కుని తప్పు జవాబు చెబుతారు. ఆ సంగతి తెలియని ఆ ఒక్క మనిషి దాదాపు మూడోవంతు సార్లు వాళ్లతో కలిసి తప్పే చెప్పాడు. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా అలా లొంగిపోయారు. నలుగురితో నారాయణ అని మనవాళ్లు ఊరికే అనలేదు. అయితే ఇదే ప్రయోగంలో నాకు బాగా ధైర్యమిచ్చిన విషయం ఇంకొకటుంది. గుంపులో ఇంకొక్కరు నిజం చెప్పినా చాలు, ఆ లొంగుబాటు అంతకుముందు ఉన్నదాంట్లో నాలుగోవంతుకు పడిపోయింది. తోడుగా ఒక్క గొంతు వినిపిస్తే చాలు.

కాబట్టి మీకు నేను చెప్పేది ఒక్కటే. ముందు విడివిడిగా, మౌనంగా, కాగితం మీద. తర్వాతే కలిసి, మాటలతో. మీరు విన్న పద్ధతుల్లో పనిచేసేవన్నీ ఏదో ఒక రకంగా ఈ పనే చేస్తాయి.

మీటింగ్‌కు ముందు రోజే ప్రశ్నను అందరికీ పంపండి. ఆ ప్రశ్న మీద మీరు గంటసేపు కూర్చున్నా వృథా కాదు. ‘ఆలస్యం ఎలా తగ్గించాలి?’ అని అడిగితే ‘ఇంకా కష్టపడాలి, ఇంకో మనిషి కావాలి’ అనే జవాబులే వస్తాయి. ‘ఫిర్యాదు చేరిన నిమిషం నుంచి జవాబు వెళ్లేదాకా అది ఎవరి దగ్గర, దేనికోసం ఆగుతోంది?’ అని అడిగి చూడండి. గట్టి హద్దులున్న ప్రశ్న మనసును కట్టిపడేస్తుందని భయపడతాం కానీ, జరిగేది దానికి వ్యతిరేకం. 1970 ఏప్రిల్‌లో చంద్రుడి వైపు వెళ్తున్న అపోలో 13 నౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలిన తర్వాత ముగ్గురు వ్యోమగాములు ఇద్దరికోసం తయారుచేసిన చంద్ర వాహనంలో తలదాచుకున్నారు. లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతోంది. ప్రధాన నౌకలోని శుద్ధి డబ్బాలు చదరంగా ఉన్నాయి, ఈ వాహనంలో అవి పెట్టాల్సిన చోటు గుండ్రంగా ఉంది. భూమి మీద ఇంజనీర్ల ముందున్న ప్రశ్న ‘వాళ్లను ఎలా కాపాడాలి?’ అన్నంత పెద్దది కాదు. నౌకలో ఉన్న వస్తువులతోనే ఈ చదరపు డబ్బాను ఆ గుండ్రటి చోటికి ఎలా కలపాలి? అంతే. ప్లాస్టిక్ సంచులు, పుస్తకాల అట్టలు, స్పేస్ సూట్ల గొట్టాలు, టేపుతో దారి దొరికింది. ప్రశ్న ఎంత చిన్నగా, స్పష్టంగా ఉంటే చెయ్యి అంత తొందరగా కదులుతుంది.

మీటింగ్ రోజున మొదటి ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. మీరు కూడా. ప్రతి మనిషికీ ఒక కాగితం ఇవ్వండి. దీనికి బాగా పనికొచ్చే పద్ధతి ఒకటుంది. 1960ల చివర్లో బెర్న్‌డ్ రోర్‌బాఖ్ అనే జర్మన్ దీన్ని రూపొందించాడు. ఆరుగురు మనుషులు, తలా మూడు ఐడియాలు, ఐదు నిమిషాలు. ఐదు నిమిషాలు కాగానే కాగితం పక్కవాళ్లకు జరుగుతుంది. వాళ్లు మీరు రాసినవి చదివి, వాటి కింద ఇంకో మూడు రాస్తారు. కొత్తవైనా సరే, మీవాటిని సాగదీసినవైనా సరే. అలా ఆరు చుట్లు తిరిగితే అరగంటలో 108 ఐడియాలు. మీ టీమ్‌లో ఎనిమిది మంది కాబట్టి వాళ్లను నలుగురేసి రెండు బల్లల దగ్గర కూర్చోబెట్టండి, నాలుగు చుట్లు చాలు. ఇరవై నిమిషాల పని.

108లో తొంభై పనికిరానివే ఉంటాయి. దానికి నిరాశపడకండి. ఆ కాగితం తిరుగుతున్నప్పుడు ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను. ఒకచోట కొత్తగా చేరినవాళ్లు మూడు నెలలు తిరక్కుండానే మానేస్తున్నారని నన్ను పిలిచారు. ఒక కాగితం మీద మొదటి వరసలో ‘శిక్షణ పెంచాలి’ అని రాసి ఉంది. ప్రతి మీటింగ్‌లోనూ వినిపించే మాటే. దాని కింద రెండో మనిషి ‘ఏ శిక్షణ? మొదటి వారం అసలు ఎవరిని అడగాలో తెలియదు’ అని రాశారు. మూడో వరస: ‘ఒక్కొక్కరికీ ఒక సీనియర్‌ని తోడు ఇవ్వాలి.’ నాలుగో వరసలో చిన్న చిన్న అక్షరాలతో, కాస్త పక్కకు వంగిన రాతలో ఇలా ఉంది: ‘సీనియర్లు వద్దు. ఆరు నెలల కిందట చేరినవాళ్లను తోడు ఇవ్వాలి. ఎక్కడ ఇబ్బందో వాళ్లకింకా గుర్తుంటుంది.’ గదిలో ఎవరో గట్టిగా చదివారు. ఒక్క క్షణం అందరూ ఆగారు. అది రాసిన కుర్రాడు ఆ మీటింగుల్లో నోరు విప్పగా ఎవరూ చూడలేదు. అతను సరిగ్గా ఆరు నెలల కిందట చేరినవాడే. మొదటి మూడు వరసలు లేకపోతే అతని వాక్యం పుట్టేది కాదు. అతను మాట్లాడాల్సి వచ్చి ఉంటే కూడా పుట్టేది కాదు.

ఒక జాగ్రత్త. చేతిరాత బట్టి ఎవరిదో తెలిసిపోతుందని భయపడేవాళ్లు ఉంటారు. టీమ్‌లో నమ్మకం బాగా తగ్గిందనిపిస్తే మొదటిసారి కంప్యూటర్‌లో రాయించి, పేర్లు లేకుండా ఒకచోట చేర్చండి. రెండు మూడు మీటింగులయ్యాక ఆ అవసరం ఉండదు.

మీరు అడిగిన ఆరు టోపీల గురించి. ఎడ్వర్డ్ డి బోనో 1985లో పరిచయం చేసిన పద్ధతి అది. తెలుపు అంటే వివరాలు, ఎరుపు అంటే మనసుకు ఏమనిపిస్తోందో, నలుపు అంటే ప్రమాదాలు, పసుపు అంటే లాభాలు, ఆకుపచ్చ అంటే కొత్త ఐడియాలు, నీలం అంటే చర్చను నడిపించడం. చాలామంది దీన్ని తప్పుగా వాడతారు. ఒక్కొక్కరికీ ఒక్కో టోపీ పంచిపెట్టి నాటకంలో పాత్రల్లా మాట్లాడమంటారు. అప్పుడు ఎప్పుడూ తప్పులు పట్టే మనిషికి నల్ల టోపీ దొరుకుతుంది, ఇక అడిగేవాడుండడు. అసలు పద్ధతి ఏమిటంటే, అందరూ ఒకే సమయంలో ఒకే టోపీ పెట్టుకోవాలి. ఈ పది నిమిషాలూ అందరమూ ప్రమాదాలే చూద్దాం, ఆ ఐడియా ఇచ్చినవారితో సహా. తర్వాతి పది నిమిషాలూ అందరమూ లాభాలే చూద్దాం, దాన్ని వ్యతిరేకించినవారితో సహా. వాదం మనిషికీ మనిషికీ మధ్య నుంచి పక్కకు జరిగి విషయం మీదికి వస్తుంది. వచ్చే వారానికి మీకు ఆరూ అక్కర్లేదు. నలుపు, పసుపు చాలు. అవి కూడా కాగితాలు తిరిగిన తర్వాతే.

మైండ్ మ్యాప్ అంటే మధ్యలో ఒక మాట రాసి, దాని చుట్టూ కొమ్మల్లా ఆలోచనలు గీసుకోవడం. అది ఒక మనిషి తన తలలో ఉన్నదాన్ని సర్దుకోవడానికి మంచిది. గుంపులో మార్కర్ పట్టుకున్నవారి మ్యాపే అందరి మ్యాప్ అయిపోతుంది. దాన్ని పక్కన పెట్టండి.

కాగితాల మీద పెద్దగా ఏమీ రాకపోతే వాడుకోవడానికి ఇంకొకటి చెబుతాను. ఇప్పుడున్న పనిని తీసుకుని కొన్ని ప్రశ్నలు వెయ్యండి. ఇందులో ఏది తీసేస్తే ఏమవుతుంది? ఏ రెండింటిని కలపొచ్చు? వరస తిరగేస్తే? దేనికోసమో చేసినదాన్ని ఇంకో పనికి వాడితే? ఆస్‌బార్న్ ప్రశ్నల జాబితా ఆధారంగా బాబ్ ఎబర్లీ 1971లో దీన్ని స్కాంపర్ అనే పేరుతో తయారుచేశారు. చివరి ప్రశ్నకు మంచి ఉదాహరణ మీరు మీటింగుల్లో గోడకు అంటించే పసుపు చీటీలే. 1968లో త్రీఎమ్ సంస్థలో స్పెన్సర్ సిల్వర్ అనే శాస్త్రవేత్త గట్టి జిగురు కోసం ప్రయత్నిస్తే బలహీనమైనది వచ్చింది. అంటుకుంటుంది, సులువుగా ఊడిపోతుంది. ఏళ్ల తర్వాత ఆర్ట్ ఫ్రై అనే సహోద్యోగి, పాటల పుస్తకంలోంచి జారిపోతున్న గుర్తు చీటీలకు అదే కావాలని గ్రహించారు. 1980కి అవి అమెరికా అంతటా మార్కెట్లోకి వచ్చాయి. మీ ఫిర్యాదుల విషయంలో ‘వరస తిరగేస్తే?’ అన్న ప్రశ్న గట్టిగా వెయ్యమని నా సలహా. ముందు వచ్చినది ముందు అన్న నియమాన్ని తిరగేసి, ఐదు నిమిషాల్లో తేలిపోయేవి ముందు చూస్తే ఏమవుతుంది? జవాబు నాకంటే మీ టీమ్‌కే బాగా తెలుస్తుంది.

ఇక నిర్ణయం. మీ కష్టం అసలు ఇక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. ఐడియాలు పుట్టించడం, వాటిని తూచడం, ఒకటి ఎంచుకోవడం: ఈ మూడూ మూడు వేర్వేరు పనులు. ఒకే ఊపులో చేస్తే మూడూ చెడతాయి. వీలైతే మధ్యలో ఒక రాత్రి గడవనివ్వండి. చివరి నిర్ణయం ఎవరిది అన్నది కూడా మీటింగ్ మొదట్లోనే చెప్పెయ్యండి. ‘మీ అందరి మాటా వింటాను, నిర్ణయం నాదే’ అన్నా ఎవరూ బాధపడరు. ‘మీరే తేల్చండి’ అని, చివరికి మీకు నచ్చినదే తేలితే మాత్రం మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

ఓటు పెడితే అందులోనూ ఒక గొయ్యి ఉంది. 1785లోనే కాండొర్సే అనే ఫ్రెంచి గణితవేత్త దీన్ని చూపించాడు. మీ ముందు మూడు దారులున్నాయి అనుకోండి: పని పంచుకునే తీరు మార్చడం, కొత్త సాఫ్ట్‌వేర్, కొత్త మనిషి. మొదటి వ్యక్తి ఇదే వరసలో ఇష్టపడ్డారు. రెండో వ్యక్తికి ముందు సాఫ్ట్‌వేర్, తర్వాత కొత్త మనిషి, చివర పంపకం. మూడో వ్యక్తికి ముందు కొత్త మనిషి, తర్వాత పంపకం, చివర సాఫ్ట్‌వేర్. జతలుగా పోల్చి చూడండి. సాఫ్ట్‌వేర్ కంటే పంపకం మేలని ఇద్దరంటారు. కొత్త మనిషి కంటే సాఫ్ట్‌వేర్ మేలని ఇద్దరంటారు. పంపకం కంటే కొత్త మనిషి మేలని కూడా ఇద్దరే అంటారు. గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఏ రెండింటికి ముందు పోటీ పెడతారన్నదాన్ని బట్టి గెలుపు మారిపోతుంది. మెజారిటీ వచ్చింది కదా అని ధీమా పడకూడదని చెప్పడానికే ఇదంతా.

దీనికి బదులు ఆండ్రే డెల్‌బెక్, ఆండ్రూ వాన్ డి వెన్ 1971 ప్రాంతంలో రూపొందించిన పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. అందరూ మౌనంగా రాస్తారు. తలా ఒకటి చొప్పున వరసగా చదివిస్తూ బోర్డు మీద ఎక్కిస్తారు. అర్థం కానిదాన్ని గురించి అడుగుతారు. ఆ తర్వాత ఎవరికి వారు రహస్యంగా చీటీ మీద తమకు నచ్చిన ఐదింటికి మార్కులు వేస్తారు. అన్నీ కలిపి కూడతారు. ఎవరి చెయ్యి ముందు లేచిందో చూసే అవకాశం ఎవరికీ ఉండదు. మార్కులు చెల్లాచెదురుగా పడితే దాన్ని విఫలం అనుకోకండి. చర్చించాల్సింది ఎక్కడుందో ఆ చోటే చూపిస్తుంది. ఒకే ఐడియాకు ఒకరు ఐదు, ఒకరు సున్నా వేశారంటే, వాళ్లిద్దరిలో ఒకరికి ఇంకొకరికి తెలియనిదేదో తెలుసు. గుంపుల్లో అందరికీ తెలిసిన విషయమే పదేపదే చర్చకు వస్తుందనీ, ఒక్కరికే తెలిసినది బయటికి రాకుండా ఉండిపోతుందనీ 1985లో స్టాసర్, టైటస్ చేసిన ప్రయోగంలో తేలింది. మీ సమాన పంపకం మూలపడటానికి కారణం కూడా అలాంటిదే కావచ్చు. క్లిష్టమైన ఫిర్యాదులు ఎవరికి పడితే వారి దగ్గరే కుప్పలు పడతాయని ఎవరికో ఒకరికి ముందే తెలిసి ఉంటుంది.

ఒకటి ఎంచుకున్నాక, ప్రకటించేముందు ఇంకో పావుగంట తీసుకోండి. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2007లో రాసిన ఒక వ్యాసంతో బాగా ప్రచారంలోకి వచ్చిన పద్ధతి ఇది. అందరికీ ఇలా చెప్పండి: ‘ఇవాళ్టికి ఆరు నెలలైంది. మన నిర్ణయం ఘోరంగా దెబ్బతింది. ఎందుకు దెబ్బతిందో రాయండి.’ ‘ఇందులో ఏమైనా ఇబ్బంది ఉందా?’ అని అడిగితే, ఉందనేవాళ్లు అడ్డుపుల్ల వేస్తున్నట్టు కనిపిస్తారు. దెబ్బతినడం అయిపోయింది, కారణం చెప్పమంటే మాత్రం అదే మనిషి తెలివైనవారిగా కనిపిస్తారు. ‘నాకు అప్పుడే అనిపించింది’ అన్న మాటను మీరు రెండు వారాల తర్వాత ఒంటరిగా వినే బదులు, నిర్ణయానికి ముందే అందరి మధ్యా వింటారు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని తప్పుతుంది. మీ అన్ని మీటింగులకూ కలిపి ఒకే ఒక్క పద్ధతి తీసుకెళ్లమంటే నేను దీన్నే తీసుకెళ్తాను.

చివరగా అందరినీ ఒకేసారి, ఒకటి నుంచి ఐదు వేళ్లు చూపించమనండి. ఐదు అంటే మనస్ఫూర్తిగా, మూడు అంటే ‘నాకు గొప్పగా నచ్చలేదు కానీ పనిచేస్తాను’, ఒకటి అంటే ‘నా వల్ల కాదు’. మూడుకు తగ్గిన ప్రతి చేతినీ ‘ఏం మారిస్తే మూడుకు వస్తారు?’ అని అడగండి. ‘ఎందుకు ఒప్పుకోరు?’ అని మాత్రం అడగకండి. మొదటి ప్రశ్న ఐడియాను బాగుచేస్తుంది, రెండోది మనిషిని బోనులో నిలబెడుతుంది.

మీ గురించి ఒక మాట. నేను టీమ్ నడిపిన మొదటి రోజుల్లో మీటింగ్ మొదలవగానే నా ఐడియా బోర్డు మీద రాసి, ‘ఇది ఊరికే ఒక ఆలోచన, మీరు కూడా చెప్పండి’ అనేవాణ్ణి. వచ్చేవన్నీ నా ఐడియాకు తమ్ముళ్లే. నా వాళ్లకు ఊహ లేదనుకుని చాలాకాలం బాధపడ్డాను. అది చాలా అన్యాయమైన ఆలోచన. నాయకుడి స్థానంలో ఉన్నవారి మాట ఎంత మెల్లగా చెప్పినా బరువుగానే పడుతుంది. 1961 ఏప్రిల్‌లో అమెరికా అండతో క్యూబా మీద జరిగిన బే ఆఫ్ పిగ్స్ దాడి మూడు రోజుల్లో కుప్పకూలింది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ సలహాదారుల్లో ఆర్థర్ ష్లెసింజర్‌కు ముందే అనుమానాలున్నాయి. వాటిని కాగితం మీద పెట్టి కెనెడీకి విడిగా ఇచ్చారు కూడా. కానీ ముఖ్యమైన సమావేశాల్లో నోరు విప్పలేదు. ఆ తర్వాత అందుకు తనను తాను నిందించుకున్నారు. మీ టీమ్‌లోవాళ్లు మీ దగ్గరికి విడిగా వచ్చి చెప్పింది అచ్చం అదే. 1972లో ఇర్వింగ్ జానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, గుంపుతో కలిసిపోవాలని అనుమానాల్ని మింగేసే ‘గుంపు ఆలోచన’ గురించి రాసినప్పుడు ఈ ఘటననే ముఖ్య ఉదాహరణగా తీసుకున్నారు. 1962 అక్టోబర్‌లో, క్యూబాలో సోవియట్ క్షిపణుల సంక్షోభం వచ్చేసరికి కెనెడీ పద్ధతి మార్చారు. కొన్ని సమావేశాలకు కావాలనే దూరంగా ఉన్నారు. సలహాదారులను చిన్న బృందాలుగా విడదీసి, ఒకరి ప్రతిపాదనను ఇంకొకరితో పరీక్షింపజేశారు. మనుషులు చాలావరకు వాళ్లే. కూర్చోబెట్టిన తీరే మారింది.

అందుకని కాగితాలు తిరుగుతున్న ఆ ఇరవై నిమిషాలూ మీరు బయటికి వెళ్లిపోండి. తలుపు దగ్గర నిలబడి చూడకండి, నిజంగానే వెళ్లండి. తిరిగొచ్చాక మీ అభిప్రాయం చివర్లో చెప్పండి.

ఆ ఇద్దరు మాటకారుల్ని నోరు మూయించాలని మాత్రం చూడకండి. మీ మూడు మీటింగుల్నీ ఖాళీగా పోనివ్వకుండా నిలబెట్టింది వాళ్లే. ముందు రోజు వాళ్లతో విడిగా మాట్లాడండి. ‘ఈసారి మిగతావాళ్ల మాట బయటికి రావాలి, మీ సాయం కావాలి’ అని అడగండి. బోర్డు మీద కాగితాలు చదివే పని వాళ్లకే అప్పజెప్పండి. ఇతరుల మాటల్ని తమ గొంతుతో చదివితే ఆ మాటలకు వాళ్లు కూడా దగ్గరవుతారు.

నిజం విడిగా వచ్చి చెప్పినవాళ్లనూ మీటింగ్‌కు ముందే కలవండి. ‘అప్పుడెందుకు చెప్పలేదు?’ అన్న ప్రశ్న వదిలెయ్యండి. ‘మీరు అన్నదే నిజమైంది. ఆ మాట ఈసారి మొదటి కాగితం మీద ఉండాలి’ అని చెప్పండి. వాళ్లలో ఒక్కరు రాసినా చాలు, యాష్ ప్రయోగంలోని ఆ తోడు గొంతు మీకు దొరికినట్టే.

కాగితాలు పారెయ్యకండి. ఎంచుకోని ఐడియాలన్నీ ఒక కవర్‌లో పెట్టి, మూడు వారాల తర్వాతి తేదీ పైన రాయండి. ఆ రోజు అదే ఎనిమిది మందీ కూర్చుని కవరు తెరవండి. కొత్త పద్ధతి నడుస్తుంటే ఆ మిగిలినవాటిలో ఏది దీనికి జత చెయ్యొచ్చో చూడండి. నడవకపోతే ఆరు నెలల తర్వాత ఏమవుతుందో ఊహించి రాసిన కాగితం బయటికి తీసి, అందులో ఏది నిజమైందో అక్కడినుంచి మొదలుపెట్టండి.